ట్యాంకు మూత

ఆ ఊళ్ళో ఉండిపోతామని మేము అనుకోలేదు. వాన తగ్గేదాకా నిలబడదామని ఆగాం, అంతే. లాండ్రీ కొట్టు చూరు కింద బండి ఆపి మా ఆయన ఇంజను కట్టేశాడు. నేను వెనక నుంచి దిగి, హెల్మెట్ తీసి, తడిసిన చేతి తొడుగులు పిండుకుంటున్నాను. ఆయన మాత్రం దిగలేదు.

"దిగండి. వాన పెద్దదయ్యేలా ఉంది," అన్నాను.

"దిగుతాలే."

తొడుగులు పిండడం అయిపోయింది. జుట్టు తుడుచుకోవడం కూడా అయిపోయింది. ఆయన రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకుని, రోడ్డు ఇంకా కదులుతున్నట్టు ముందుకే చూస్తున్నాడు.

"ఏమైంది?"

"ఏం లేదు. నడుం రానంటోంది."

ఆ మాట ఎంత మామూలుగా అన్నాడంటే, ముందు నాకు నవ్వొచ్చింది. తర్వాత ఆయన మొహం చూశాను. వాననీళ్ళు కావు, చెమటలు పట్టేశాయి. లాండ్రీ నడిపే ఆవిడ భుజం మీద తడి దుప్పటితో బయటికొచ్చి, ఎవరు, ఏంటి అని అడక్కుండా ఒక పక్క పట్టుకుంది. రెండో పక్క నేను పట్టుకున్నాను. ఇద్దరం కలిసి ఆయన్ని దింపి, ఉతకడానికి ఆసుపత్రి నుంచి వచ్చిన మాసిన దుప్పట్ల గుట్ట మీద పడుకోబెట్టాం. ఏడాదికి పైగా దేశాలు దాటుకుంటూ వచ్చిన ప్రయాణం అలా ఆసుపత్రి దుప్పట్ల మీద ఆగింది.

ఆవిడ భాష వేరు, మాది వేరు. సైగలతో మొదలుపెట్టాం. నెల తిరిగేసరికి మా ఆయనతో సహా ముగ్గురికీ ఒకరినొకరం దెప్పుకునేంత మాటలు వచ్చాయి. ఆవిడ అన్నవన్నీ ఇక్కడ నా మాటల్లోనే రాస్తున్నాను. 'అక్క' అనే పిలుపు మాత్రం వాళ్ళకీ ఉంది కాబట్టి ఆవిడ నాకు మొదటిరోజే లాండ్రీ అక్క అయిపోయింది.

లాండ్రీ పైన ఒక గది ఖాళీగా ఉంటే అందులో దిగాం. ఒక చెక్క బల్ల, ఒక కుర్చీ, పెరట్లోకి తెరుచుకునే కిటికీ. కింద ఇస్త్రీ చేసేటప్పుడు ఆవిరి పైకి కొట్టేది. కిటికీ మూస్తే గోడలు చెమర్చేవి, అందుకని వానలో కూడా తెరిచే ఉంచమని అక్క చెప్పింది. పెరటి చివర పాడైపోయిన వాషింగ్ మెషీన్లు పడేసే రేకుల గది ఉండేది. బండిని అందులో పెట్టాం. ఆయన బల్ల మీద వెల్లకిలా పడుకుని, మెడ తిప్పగలిగినంత మేర తిప్పి, ఆ గది తలుపుని కాపలా కాసేవాడు.

నడుం డాక్టరు వచ్చి చూసి, వెన్నుపూసల్లో ఒకటి పక్కకి జరిగిందన్నాడు. "ఈ వానాకాలం పోయేదాకా బండి ఊసెత్తొద్దు. ఆ తర్వాత కూడా ఇంటికెళ్ళి మూడు నాలుగు నెలలు విశ్రాంతి తీసుకోవాలి."

"ఆ తర్వాత?" అన్నాడు మా ఆయన.

"ఆ తర్వాత మీ నడుం చెప్తుంది."

డాక్టరు మెట్లు దిగగానే మా ఆయన నాతో, "వారంలో లేచి కూర్చుంటాను చూడు," అన్నాడు. మా ఆయన బింకం అలాంటిది. మూడు వారాలు పట్టింది కూర్చోవడానికి. అప్పటిదాకా తల దువ్వడం దగ్గర్నుంచి అన్నీ నేనే. ఒకసారి సాక్సు తొడుగుతుంటే, "మెల్లిగా, గేరు మార్చినట్టు లాగకు," అన్నాడు. "మీరు నోరు కాస్త న్యూట్రల్‌లో పెట్టండి," అన్నాను. నవ్వబోయి నడుం పట్టేసి, నవ్వించినందుకు నన్నే తిట్టాడు.

ఆయన జీవితమంతా మెకానిక్. మా ఇంటి పక్కనే షెడ్డు. ఊళ్ళు వదిలి పోయేవాళ్ళు బళ్ళు తెచ్చి మా దగ్గర పెట్టిపోయేవాళ్ళు. ఆయన ఒక్కటే ప్రశ్న అడిగేవాడు: "మళ్ళీ వస్తారా?" వస్తామంటే ట్యాంకు మూతిదాకా పెట్రోలు పోయించేవాడు. నిండుగా ఉంటే లోపల గాలికి చోటుండదు, తుప్పు పట్టదు, వచ్చిన రోజే బండి లేస్తుంది. ఎప్పుడొస్తారో చెప్పలేమంటే చుక్క మిగలకుండా తీసేసి, లోపల ఆయిలు తిప్పి వదిలేవాడు. షెడ్డులో నడుస్తూ నడుస్తూ ట్యాంకుల మీద వేలి కణుపుతో కొట్టేవాడు. నిండుదైతే మొద్దుగా, ఖాళీదైతే గంటలా మోగేది. "ఇది వచ్చే బండి, ఇది దేవుడెరుగు బండి," అని నాకు చూపించేవాడు. నేను వంటింట్లోంచే ఆ చప్పుడు విని ఏది ఏదో చెప్పేదాన్ని.

నడుం సంగతి ఆయన చూసుకుంటుంటే, నేను కిందికి దిగి అక్కకి సాయం చేసేదాన్ని. అద్దెలో కొంత తగ్గించింది గానీ నేను వెళ్ళింది అందుక్కాదు. ఒక్కచోట నిలబడి చేసే పని కోసం వెళ్ళాను. దుప్పటి మడవడం ఇద్దరి పని. చెరో రెండు కొసలు పట్టుకుని, ఒక్కసారి విదిలించి, ఎదురెదురుగా నడిచి కొసలు కలపాలి. మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకి. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా అలా మడుస్తూ ఉంటే చేతులు పీకేవి. మనసుకి మాత్రం హాయిగా ఉండేది.

ఒకరోజు అలా మడుస్తూనే అక్క అడిగింది. "ఆయన నడుం బాగుపడితే మళ్ళీ బయలుదేరతారా?"

"ఆయన బయలుదేరతాడు."

"నువ్వో?"

గుట్టలోంచి ఇంకో దుప్పటి లాగి కొసలు అందించాను. తర్వాత మొత్తం బయటపడింది. "నా వల్ల కాదక్కా. రోజూ పొద్దున్నే అదే సంచి సర్దాలి, సాయంత్రం అదే సంచి విప్పాలి. తడి సాక్సుల్లో కాళ్ళు పెట్టాలి. అందరూ లోకమంతా చూస్తున్నావు, ఎంత అదృష్టం అంటారు. నేను చూసిన లోకమంతా ఆయన వీపుకి ఎడంపక్క కనిపించినంతే. వీపు తప్ప ఇంకేమీ గుర్తులేని ఊళ్ళు కూడా ఉన్నాయి. ఒళ్ళు హూనమైపోయింది. ఇంక చాలు."

"ఆ మాట ఆయనతో అను."

"ఎలా అనను? ముప్పై ఏళ్ళు పక్కవాళ్ళ బళ్ళు బాగుచేశాడు. భూమి అంచున ఏదో లైట్‌హౌస్ ఉందట, అక్కడ రోడ్డు అయిపోతుందట. అది చూడాలన్నాడు. తన కోసమని నోరు తెరిచి అడిగింది అదొక్కటే."

అక్క తన కొసలు తెచ్చి నా చేతిలో పెట్టింది. "మీ ఇద్దరూ ఒకరి కోసం ఒకరు చచ్చేలా ఉన్నారు. ముందు ఈ దుప్పట్లు కానివ్వు," అంది. పైన మా కిటికీ ఎప్పటిలాగే తెరిచి ఉంది. అది నాకు తోచనే లేదు.

వానాకాలం సగం దాటాక ఆయన నా భుజం పట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. ఇంటికి వెళ్ళిపోవాలని తేలింది. బండి సంగతి తేల్చుకోవడానికి కస్టమ్స్ ఆఫీసుకి వెళ్ళాం. అక్కడి అధికారి టేబులు మీద సీసపు బిళ్ళలు, తీగచుట్టలు పెట్టుకుని కూర్చున్నాడు. ఆయనకి నేను మనసులో సీలు సార్ అని పేరు పెట్టాను.

"బండి ఎవరిది?" అన్నాడు.

"నాదే," అన్నాడు మా ఆయన.

"కాగితాల్లో ఈవిడ పేరుంది."

నిజమే. బండి కొన్నరోజు ఆయన షెడ్డులోంచి అలాగే గ్రీజు చేతులతో షోరూముకి వచ్చేశాడు. పాస్‌పోర్టు సైజు ఫోటో కావాలన్నారు. ఆయన దగ్గర లేదు, నా సంచిలో ఎప్పటిదో ఒకటుంది. మళ్ళీ ఎవరు తిరుగుతారులే అని నా పేరు మీద రాయించేశాడు. ఇంటికొచ్చి అందరికీ చెప్పి నవ్వుకున్నాం. అప్పట్నుంచీ ప్రతి సరిహద్దులో నడపడం ఆయన వంతు, కౌంటరు ముందు నిలబడడం నా వంతు. నేనొక్కసారి కూడా హ్యాండిల్ పట్టుకున్నదాన్ని కాదు.

సీలు సార్ నాకు వివరంగా చెప్పాడు. "పరాయి దేశపు బండి ఇక్కడ ఊరికే ఉండకూడదమ్మా. మీతో వచ్చింది, మీతోనే పోవాలి. లేదంటే ఎవరైనా పూచీ పడితే, వాళ్ళ గదిలో పెట్టి తాళం వేయండి, మేము వచ్చి సీలు వేస్తాం. సీలు తీయాలంటే మళ్ళీ మీరే స్వయంగా రావాలి."

"నేను వస్తే?" అన్నాడు మా ఆయన.

"మీరొస్తే టీ ఇస్తాం. బండి ఇవ్వం."

"ఏడాదిలోపు రాకపోతే?" అని నేనడిగాను.

"మాదైపోతుంది." సీలు సార్ కలం తీశాడు. "మళ్ళీ వస్తారా?"

నేను మా ఆయన వైపు చూశాను. షెడ్డులో అందరినీ తను అడిగిన ప్రశ్నే అది. ఆయన తల పైకెత్తి ఫ్యాను చూస్తున్నాడు.

"వస్తాం," అన్నాను. మనసులో లేకపోయినా నోరు అలవాటు కొద్దీ అనేసింది.

తిరిగి వస్తూ దారిలో ఆయన అడిగాడు. "వస్తామని ఎందుకన్నావు?"

"రామని అనమంటారా?"

"ఊరికే అడిగాన్లే."

ఆ సాయంత్రం ఇంటి నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మా, బండి అక్కడెక్కడో పడేసి వచ్చేయండి. నాన్నకి అంత మోజుంటే తర్వాత తనే వెళ్ళి తెచ్చుకుంటాడు."

"మీ నాన్నకి ఇవ్వరట. నేనే రావాలట."

"అయితే ఇంకేం, నువ్వు రానంటే అయిపోతుంది కదా," అంది. అది తప్పుగా ఏమీ అనలేదు. అంత తేలిగ్గా అయిపోతుందని నాక్కూడా అప్పుడే తెలిసింది. నేను ఇంట్లో కూర్చుంటే చాలు, ఇంకేమీ చేయక్కర్లేదు.

ప్రయాణానికి ముందు రోజు బండిని సర్దాం. ఆయన స్టూలు మీద కూర్చున్నాడు, పని నేను చేశాను. బ్యాటరీ విప్పించాడు. చైనుకి గ్రీజు పూయించాడు. ఎలుకలు దూరకుండా సైలెన్సరులో గుడ్డ కుక్కించాడు. అక్కా నేనూ బండిని ఎత్తి పట్టుకుంటే కింద చెక్క దిమ్మలు తనే కాలితో నెట్టాడు. "అటు కాదు, ఇటు. నీకు స్పానరు పట్టుకోవడం చేతకాదు, బండికి మాత్రం యజమానివి," అంటూనే ఉన్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన గొంతులో పాత షెడ్డు వినపడి నాకు బాగానే ఉంది.

అన్నీ అయ్యాక, "ఆ రబ్బరు గొట్టం ఇలా ఇవ్వు. ఖాళీ డబ్బా ఉందేమో అక్కనడుగు," అన్నాడు.

నిండా పోయడానికి గొట్టం అక్కర్లేదు. నాకు తెలుసు. డబ్బా తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెట్టి పక్కన నిలబడ్డాను. ఆయన గొట్టం ట్యాంకులో దింపి, నోటితో ఒక్కసారి పీల్చి, ఉమ్మేసి, రెండో కొస డబ్బాలో పెట్టాడు. పెట్రోలు సన్నగా కారింది. తర్వాత కొంచెం ఆయిలు పోసి, నన్ను బండిని అటూ ఇటూ ఊపమన్నాడు. ఊపాను.

"ఏంటలా చూస్తావు? అక్క వాళ్ళ జనరేటరుకి పనికొస్తుంది," అన్నాడు.

"నేనేం అనలేదే."

"ఇంటికెళ్ళాక హాయిగా కూర్చో. ఎడంపక్కే కాదు, అన్ని పక్కలా చూడొచ్చు."

అప్పుడు అర్థమైంది. ఆ రోజు కిటికీ తెరిచే ఉంది కదా. అంతా విన్నాడు. విని, ఇన్నాళ్ళూ ఒక్క మాట అనలేదు. సాక్సులు తొడిగించుకున్నాడు, జోకులేశాడు, కస్టమ్స్ ఆఫీసులో ఫ్యాను చూశాడు. నాకు సంతోషం కలగాలి. నేను కోరుకున్నది ఇదే. నోరు తెరిచి అడగకుండానే దొరికింది. కానీ సంతోషం రాలేదు. బండి మీద అక్క ఇచ్చిన పాత దుప్పటి కప్పుతుంటే, ఆయన అలవాటుగా వేలి కణుపుతో ట్యాంకు మీద కొట్టాడు. గంటలా మోగింది. ఇద్దరం విననట్టే ఉన్నాం.

మర్నాడు పొద్దున ఆయన్ని నడుం డాక్టరు దగ్గర చివరిసారి చూపించుకు రమ్మని అక్క వాళ్ళ రిక్షా ఎక్కించాను. నాకు సామాన్లు సర్దే పనుందని చెప్పి ఆగిపోయాను. సామాన్లు ఎప్పుడో సర్దేశాను. ఏడాదిగా చేస్తున్న పని, కళ్ళు మూసుకుని చేస్తాను. ఆయన మలుపు తిరగగానే గొడుగు తీసుకుని, నిన్నటి పెట్రోలు జనరేటరులో పోసేయగా ఖాళీ అయిన డబ్బా పట్టుకుని పెట్రోలు బంకుకి నడిచాను. డబ్బా నిండాక బరువుకి భుజం లాగింది. రెండుసార్లు తిరగాల్సి వచ్చింది.

రెండోసారి పోస్తుంటే అక్క రేకుల గది గుమ్మంలో నిలబడింది.

"నిన్ననే తీశారు కదా?"

"తీశాడు."

"నీ వల్ల కాదన్నావు?"

"ఇప్పటికీ కాదు."

"మరి ఇదేంటి?"

తెలిసినంత చెప్పాను. "ఆయన నాకోసం ఖాళీ చేశాడక్కా. రేపు ఇంట్లో కూర్చుని ఎప్పుడు ఆ షెడ్డు వైపు చూసినా నాకు ఇదే గుర్తొస్తుంది. రాకపోతే రాము. అది నా నోటితో నేను చెప్తాను. ఆయన నోరు మూసుకుని నాకోసం చెప్పేస్తే నేను భరించలేను."

అక్క వచ్చి డబ్బా అడుగు పట్టుకుని పైకెత్తింది. పెట్రోలు ట్యాంకు మూతి దగ్గరికొచ్చి తళతళలాడింది. "ఇంత నిండుగా ఉంటే నా కొట్టు తగలబడదుగా?" అంది.

"సగం ఉంటేనే భయమట. నిండా ఉంటే భయం లేదంటాడు."

"ఆయన అన్నాడని నువ్వు నమ్మి, నువ్వన్నావని నేను నమ్మాలి," అని చేతులు తుడుచుకుంది. నేను మూత బిగించి, దుప్పటి మళ్ళీ కప్పేశాను. చేతులకి పెట్రోలు వాసన పోవాలని లాండ్రీ సబ్బుతో మూడుసార్లు కడుక్కున్నాను.

మధ్యాహ్నం సీలు సార్ వచ్చాడు. మా ఆయన అప్పటికి డాక్టరు దగ్గర్నుంచి వచ్చి, నడుముకి బెల్టు బిగించుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. సీలు సార్ ఇంజను నెంబరు చూసుకోవాలంటే ఆయనే దుప్పటి కొస ఎత్తి చూపించాడు. చూపిస్తూ ఎప్పటిలాగే వేలి కణుపుతో ట్యాంకు మీద కొట్టాడు.

మొద్దుగా మోగింది.

చెయ్యి అక్కడే ఆగింది. ఇంకోసారి కొట్టాడు. అక్క వైపు చూశాడు. అక్క సీలు సార్ గొడుగు ఎంత బాగుందో పరిశీలిస్తోంది. నా వైపు చూశాడు. నేను తలొంచుకుని సంతకం పెడుతున్నాను. ఇంత పెద్ద సంతకం నా జన్మలో పెట్టలేదు, అంత నెమ్మదిగా పెట్టాను.

"ఏమైనా మర్చిపోయారా?" అన్నాడు సీలు సార్.

"లేదు సార్," అన్నాడు మా ఆయన. దుప్పటి కొస కిందికి దించాడు. "వేసేయండి."

తలుపు మూశారు. తాళానికి తీగ చుట్టి, సీసపు బిళ్ళ పెట్టి కటకటమని నొక్కాడు. అక్క పూచీ సంతకం పెట్టి, "పోయి త్వరగా రా, దుప్పట్లకి రెండో మనిషి కావాలి," అని నన్ను గట్టిగా పట్టుకుంది. నేను ఏడ్చాను. ఎందుకేడ్చానంటే, ముఖ్యంగా అలసట.

విమానం ఎక్కాల్సిన ఊరికి బస్సులో బయలుదేరాం. ఏడాది తర్వాత మొదటిసారి ఆయన పక్కన కూర్చున్నాను, వెనక కాదు. ఆయన మొహం అంతసేపు పక్కనుంచి చూసి చాలా కాలమైంది. బాగా పెద్దవాడైపోయాడు. నేనూ అంతే అయ్యుంటాను. బస్సు అద్దాల మీద వాన కొడుతోంది. ఊరు దాటింది, వంతెన దాటింది. ట్యాంకు సంగతి అడుగుతాడేమో అని నేను జవాబులు సర్దుకుంటూ కూర్చున్నాను. ఒక్కటీ సరిగా కుదరలేదు.

చాలాసేపటికి ఆయన నా వైపు తిరిగాడు.

"మూత గట్టిగా బిగించావా?"

"బిగించాను."

"నువ్వెప్పుడూ సగం తిప్పి వదిలేస్తావు. చెమ్మ దిగిందంటే అంతా పాడైపోతుంది."

"గట్టిగానే బిగించాను. కావాలంటే వచ్చినప్పుడు చూసుకోండి," అన్నాను.